గాలి ఉచితమే, మరి లెక్క? పెట్రోల్ బంకుల యజమానులకు ఒక బహిరంగ లేఖ

పెట్రోల్ బంకుల యజమానులకు, మేనేజర్లకు, డీలర్ల సంఘాల పెద్దలకు,

నమస్కారం.

నేను వనస్థలిపురంలో ఉంటాను. పదకొండేళ్ళుగా కారు నడుపుతున్నాను. మా ఆయనకు డ్రైవింగ్ రాదు. ఈ ఇంటి సంగతి మీకెందుకంటే, స్టీరింగ్ ముందు నేను కూర్చుని ఉన్నా మీ గాలి కొట్టే అబ్బాయి పక్క సీటు వైపు వంగి "సార్, ఎంత కొట్టమంటారు?" అని ఆయన్నే అడుగుతాడు. ఆయన నా వైపు చూస్తారు. నేను "33" అంటాను, అంటే 33 పాయింట్ల (పీఎస్‌ఐ) గాలి. అబ్బాయి ఖాయమేనా అన్నట్టు మళ్ళీ ఆయన వైపు చూస్తాడు. ఇది నాకు అలవాటైపోయింది, దాని మీద గొడవేం లేదు. నేను 33 అని చెప్పాక, మీ మీటరు 33 చూపించాక, టైర్లో నిజంగా ఎంత గాలి ఉంది? నా గొడవంతా దాని మీదే.

మొన్న సంక్రాంతికి తణుకు బయల్దేరాం. పంతంగి టోల్‌గేటు దగ్గర ఆ మూడు రోజులూ ఎలా ఉంటుందో తెలిసిందే కదా, అందుకని తెల్లవారుజామున మూడున్నరకే ఇంట్లోంచి కదిలాం. నేను, ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. డిక్కీ నిండా బ్యాగులు, పైగా మా తోటికోడలు పిల్లాడికి కొన్న సైకిలు విడదీసి పెట్టిన అట్టపెట్టె. ఇంటికి అర కిలోమీటరు దూరంలో ఉన్న బంకులో ఆగి పెట్రోలు పోయించి, నాలుగు టైర్లకూ గాలి పట్టించాను. మా కారు డోరు తీస్తే పక్క స్తంభం మీద అంటించిన స్టిక్కరులో మామూలుగా 33, నిండా జనం, సామాను ఉంటే వెనక టైర్లకు 36 అని ఉంటుంది. అదే చెప్పాను. గోడకు బిగించిన గుండ్రటి మీటరు, దాని అద్దం లోపల ఆవిరి పట్టి ముల్లు మసకగా కనబడుతోంది. అబ్బాయి సెల్‌ఫోన్ లైటు వేసి చూసి "అయిపోయింది మేడమ్" అన్నాడు. పది రూపాయలు చేతిలో పెట్టి బయల్దేరాను.

చౌటుప్పల్ దాటేదాకా ఏమీ అనిపించలేదు. నార్కట్‌పల్లి దగ్గరికి వచ్చేసరికి కారు కాస్త బరువుగా లాగుతున్నట్టు, వంపుల్లో వెనక భాగం వెనకబడి వస్తున్నట్టు అనిపించింది. సామాను బరువేమోలే అనుకున్నాను. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు వెనక టైరు మీద చెయ్యి వేసి చూశాను, ఎందుకో. చురుక్కుమంది. నడిచొచ్చిన టైరు వెచ్చగా ఉండటం మామూలే. ఇది వెచ్చగా కాదు, చెయ్యి వెనక్కి లాక్కునేంత వేడిగా ఉంది.

టీ కొట్టు పక్కనే పంక్చర్ షాపు. అంత పొద్దున్నే ఒక పెద్దాయన స్వెట్టరు మీద తువ్వాలు చుట్టుకుని పొయ్యి దగ్గర చలి కాచుకుంటున్నాడు. ఆయన జేబులోంచి పెన్నులాంటి గేజు తీసి వెనక టైరు చూశాడు. 26. రెండోది చూశాడు, 26. ముందువి రెండూ 24, 24. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నాలుగిట్ల ఒక్కటే లెక్క తప్పిందంటే ఇది పంక్చర్ కాదమ్మా. మీరు గాలి కొట్టించిన కాడ మీటరే ఖరాబైంది. ఇది వేడి మీద ఇరవై ఆరు. సల్లబడితే ఇరవై రెండే ఉంటది."

36 ఉండాల్సిన చోట 22. అయిదుగురు మనుషులు, నిండిన డిక్కీ, గంటకు తొంభై స్పీడు.

ఆయన టైరు అంచుల మీద బొటనవేలు రాసి ఇంకో మాట చెప్పాడు. రెండు పక్కలా అరిగింది, మధ్యలో మాత్రం గాడి లోతుగా ఉంది. అంటే ఇది ఒక్కరోజు వ్యవహారం కాదు, నెలల తరబడి నేను తక్కువ గాలితో తిరుగుతున్నాను. మరి ఆ నెలలన్నీ నేను పదిహేను రోజులకోసారి క్రమం తప్పకుండా మీ బంకులోనే గాలి పట్టించుకున్నాను. ఎప్పుడూ గాలి చూసుకోని మా మరిది టైర్లకూ, ఎప్పుడూ చూసుకునే నా టైర్లకూ తేడా లేకుండా పోయింది. నిజం చెప్పాలంటే నాది ఇంకా హీనం. అతనికి కనీసం అనుమానమైనా ఉంటుంది.

పెద్దాయన ముందు టైర్లకు 37, వెనక 40 కొట్టాడు. ఎక్కువ కాదా అంటే "ఇప్పుడు వేడిగున్నది కదమ్మా, సల్లబడ్డాక మీ లెక్కకే వస్తది" అన్నాడు. ఎంతివ్వాలంటే "గాలికి పైసలేందమ్మా" అన్నాడు. నాలుగు టీలు చెప్పించి వచ్చాను.

పండగయ్యాక తిరిగొచ్చి, అదే బంకుకు వెళ్ళి మేనేజరుకు ఇదంతా చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నారు. విని, "గాలి మేం ఫ్రీగానే కొడుతున్నాం కదా మేడమ్" అన్నారు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ ఒక్క మాట. బంకు పేరు రాయను, ఎందుకంటే అది ఆ ఒక్క బంకు సమస్య కాదు. ఆ తర్వాత నేనొక గేజు కొనుక్కుని, ఒకే ఉదయం, చల్లటి టైరుతో మా చుట్టుపక్కల మూడు బంకులు తిరిగాను. ఒకచోట 33, ఒకచోట 29, మూడో చోట 37 చూపించింది. టైరు అదే, అందులో గాలీ అదే.

అయ్యా, పెట్రోలు విషయంలో మీరెంత జాగ్రత్తగా ఉంటారో నాకు తెలుసు. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి. అనుమానమొచ్చిన కస్టమరు అడిగితే అందులో పోసి చూపించాలి. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్లు మించి తేడా వస్తే ఆ పంపు ఆపేయాలి. సాంద్రత రోజూ రాసిపెట్టాలి, కల్తీ అనుమానమొస్తే ఫిల్టర్ పేపరు ఇవ్వాలి. పోసే ముందు "జీరో చూసుకోండి" అని మీ కుర్రాళ్ళు గొంతెత్తి మరీ చెబుతారు. ఆ పంపుకు పది అడుగుల దూరంలో, గోడకు వేలాడే గాలి మీటరుకు మాత్రం ఏ ముద్రా లేదు, ఏ తేదీ లేదు, ఎవరూ జీరో చూసుకోమనరు. పెట్రోలు ఒక గుక్కెడు తగ్గితే నా జేబుకు పది రూపాయల చిల్లు. గాలి పది పాయింట్లు తగ్గితే ఎవరికి చిల్లు పడుతుందో మీరే ఆలోచించండి.

ఇక "ఫ్రీ" సంగతి. గాలి, తాగునీరు, మరుగుదొడ్డి ఉచితంగా అందుబాటులో ఉంచాలని చమురు కంపెనీలు మీకు పెట్టిన నియమాల్లోనే ఉంది. కాబట్టి అది మీరు మాకు చేసే దానం కాదు. ఒకవేళ దానమే అనుకున్నా, అన్నదానంలో పాచిపోయిన అన్నం వడ్డిస్తే ఊరుకుంటామా?

తక్కువ గాలితో నడిస్తే ఏమవుతుందో మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. అయినా మీ కుర్రాళ్ళ కోసం రాస్తున్నాను, ఎందుకంటే వాళ్ళకెవరూ చెప్పలేదు. ఇనప తీగను అటూ ఇటూ పదిసార్లు గబగబా వంచి, వంచిన చోట ముట్టుకుంటే వేలు కాలుతుంది. గాలి తక్కువున్న టైరు పక్కగోడ కూడా అంతే, చక్రం తిరిగిన ప్రతిసారీ నేలను తాకే చోట వంగి మళ్ళీ లేస్తుంది. మామూలు కారు చక్రం కిలోమీటరుకు అయిదువందల పైచిలుకు సార్లు తిరుగుతుంది. సూర్యాపేట వెళ్ళేసరికి ఎన్ని వంపులో లెక్కేసుకోండి. ఆ వేడికి రబ్బరు, లోపలి దారాలు, ఉక్కు తీగల పొరలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. చివరికి టైరు పేలుతుంది. పేలినప్పుడు అందరూ ఎండను తిడతారు, సిమెంటు రోడ్డును తిడతారు. ఎండకూ రోడ్డుకూ పాత్ర లేదనను. కానీ చాలాసార్లు పేలుడుకు మొదలు గాలి కొట్టించిన చోటే ఉంటుంది.

అందుకే ఇంకో మాట గట్టిగా చెప్పాలి. వేసవి రాగానే మీ బంకుల్లో "ఎండాకాలం కదా, మూడు పాయింట్లు తగ్గించి కొట్టించుకోండి" అని సలహా ఇస్తుంటారు. దయచేసి అది మాన్పించండి. వేడెక్కితే గాలి పెరుగుతుందన్నది నిజమే, దాదాపు అయిదున్నర డిగ్రీలకు ఒక పాయింటు చొప్పున. స్టిక్కరు మీద అంకె వేసిన కంపెనీ వాళ్ళు ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే వేశారు. అది చల్లటి టైరు అంకె, అంటే కారు మూడు గంటలైనా ఆగి ఉన్నాక, రెండు కిలోమీటర్లు కూడా నడవకముందు చూడాల్సిన అంకె. ఎండాకాలమని తగ్గించి కొడితే పక్కగోడ ఇంకా ఎక్కువ వంగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. వేడికి భయపడి వేడినే పెంచుకున్నట్టు. అలాగే దూరం నుంచి వచ్చిన బండికి మీటరు ఎక్కువ చూపించగానే పిన్ను నొక్కి గాలి తీసేస్తారు. అదీ తప్పే. రాత్రికి చల్లారాక ఆ టైరు నీరసపడిపోతుంది.

తప్పంతా మీదేనని నేననను. మాలో సగం మందికి మా కారు అంకె తెలియదు. "అందరికీ ఎంత కొడతారో అంతే కొట్టు" అంటాం. మా అపార్ట్‌మెంటులో ఒకాయన టైరు పక్కన అచ్చువేసిన అంకె చూసి 44 కొట్టించుకు తిరిగేవారు. ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం అది, ఆ కారుకు కావాల్సింది కాదు. ఆరు నెలల్లో టైరు మధ్యలో గుండు కొట్టించినట్టు నున్నగా అయిపోయింది, మొదటి వానకే బ్రేకు వేస్తే కారు జారింది. నైట్రోజన్ కొట్టిస్తే ఇక చూసుకోనక్కర్లేదనుకునే వాళ్ళు ఇంకో రకం. మనం పీల్చే గాలిలోనే నూటికి 78 పాళ్ళు నైట్రోజన్. అది కాస్త నిదానంగా దిగుతుంది, అంతే. వేడికి అదీ పెరుగుతుంది, మేకు గుచ్చుకుంటే అదీ పోతుంది. డబ్బులిచ్చి కొట్టించుకునే వాళ్ళను వద్దనను, చూసుకోవడం మానేయొద్దంటాను.

అందుకే మీ అబ్బాయి "ఎంత కొట్టమంటారు?" అని అడిగే బదులు "డోరు తీయండి, స్టిక్కరు చూద్దాం" అంటే సగం పని అయిపోతుంది. ఆ మాట నేర్పడానికి ఒక్క పూట చాలు.

ఇక్కడ ఒక మంచి కూడా చెప్పుకోవాలి. రెండేళ్ళ కిందట ఏలూరు దాటాక ఒక బంకులో గాలి పట్టిస్తుంటే, అక్కడి కుర్రాడు ముందు చక్రం దగ్గర కూర్చుని లేవడం లేదు. "అక్కా, ఒకసారి దిగి ఇక్కడ చెయ్యి పెట్టండి" అన్నాడు. టైరు పక్కగోడ మీద నిమ్మకాయంత బుడిపె. మా కాలనీలో వానాకాలం గుంతలో దబ్బున పడిన రోజు గుర్తొచ్చింది. లోపలి దారాలు తెగితే గాలి ఆ సందులోంచి రబ్బరును ఉబ్బిస్తుందని, దానికి అతుకు వేయడం కుదరదని, ఎప్పుడు పేలుతుందో చెప్పలేమని అతనే చెప్పాడు. వాల్వు మీద వేలితో కాస్త ఉమ్మి రాసి బుడగ వస్తుందేమో చూశాడు, మూతలేని వాల్వుకు తన డబ్బాలోంచి పాత మూత వెతికి బిగించాడు. స్టెప్నీ తీయమన్నాడు. తీస్తే అందులో గాలి సగం కూడా లేదు. దానికి గాలి కొట్టి, మార్చి, "ఇది చిన్న సైజు టైరు అక్కా, స్పీడు 80 దాటొద్దని దీనిమీదే రాసుంది" అని చూపించి పంపాడు. అతనికి ఎవరు నేర్పారో తెలియదు. ఆ బంకు యజమాని మాత్రం అదృష్టవంతుడు.

ఆ కుర్రాడు చూసినవన్నీ చూడటానికి రెండు నిమిషాలు పట్టింది. మీ కుర్రాళ్ళు ఎలాగూ ప్రతి చక్రం దగ్గరా కూర్చుంటారు, మొహం టైరుకు అడుగు దూరంలో ఉంటుంది. ఈ దేశంలో కారు టైరును అంత దగ్గరగా, అన్నిసార్లు చూసే మనిషి ఇంకొకరు లేరు. మేం టైరును చూసేది పంక్చరైన రోజునే. గాడుల అడుగున అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి, టైరు అరిగి ఆ గట్లతో సమానమైతే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే. కార్లకు చట్టం ఒప్పుకునే హద్దు అది. నా మటుకు వానల్లో అంతదాకా కూడా ఆగను, ఎందుకంటే గాడుల్లోంచి నీళ్ళు బయటకు పోవాలంటే వాటికి లోతుండాలి. పక్కగోడ మీద గుడ్డు ఆకారంలో గీత లోపల ఉండే నాలుగంకెలు ఇంకోటి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. మా అన్నయ్య కారు నెలకోసారి సెల్లార్‌లోంచి బయటకొస్తుంది. టైర్లు కొత్తవాటిలా మెరుస్తాయి, కానీ దగ్గరికెళ్ళి చూస్తే పక్కల్లో ఎండిన చెరువులా నెర్రెలు. అయిదేళ్ళు దాటాక ఏడాదికోసారి నిపుణులకు చూపించమని, పదేళ్ళయితే అరక్కపోయినా తీసేయమని టైర్ల కంపెనీలే చెబుతాయి. ఆయన వినడు. మీ కుర్రాడు చెబితే వింటాడేమో, చెల్లెలి మాట కంటే బయటివాళ్ళ మాటకు విలువెక్కువ.

ఒక భయం మాత్రం ఉంది, దాచుకోను. టైర్లు చూడమన్నానని, పక్కనే ఉన్న టైర్ల షాపుకు కమీషన్ మీద మనుషుల్ని తోలే వ్యవహారం మొదలవ్వకూడదు. ఒక పంక్చరుకు పోతే నాలుగు చూపించే వాళ్ళను మేమంతా చూసిన వాళ్ళమే. చెప్పడం వరకే మీ పని, కొనడం మా ఇష్టం.

"ఇదంతా మా మెడకెందుకు?" అని మీరనొచ్చు. టైరు పేలడాన్ని దైవఘటన అని తోసిపుచ్చే రోజులు పోయాయి. 2023 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు, టైరు పేలి జరిగిన ప్రమాదంలో పరిహారం కట్టనని అప్పీలుకు వెళ్ళిన ఒక బీమా కంపెనీతో, టైరు పేలడం దేవుడి పని కాదు, మనుషుల నిర్లక్ష్యం అంది. అదే ఏడాది మహారాష్ట్రలో సమృద్ధి మహామార్గ్ అనే ఎక్స్‌ప్రెస్‌వే మీద, అరిగిన టైర్లతో వచ్చిన బళ్ళను అక్కడి రవాణా శాఖ రోడ్డెక్కే చోటే ఆపడం మొదలుపెట్టింది. మన అవుటర్ రింగ్ రోడ్డు మీద కార్లకు 120 దాకా అనుమతి ఉంది. ఆ స్పీడుకు టైరును ఎవరు సిద్ధం చేస్తున్నారు? పైగా 2020లో మారిన నిబంధనల ప్రకారం, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చర్ కిట్టు ఉంటే కొత్త కార్లకు స్టెప్నీ ఇవ్వకపోయినా ఫర్వాలేదు. అలాంటి కారులో దారిలో లైటు వెలిగితే, ఆ మనిషి నేరుగా మీ దగ్గరికే వస్తాడు. వచ్చేసరికి కంప్రెసరు మీద "గాలి లేదు" అని సుద్దముక్కతో రాసి ఉండకూడదు కదా.

నేను అడిగేవి పెద్ద ఖర్చులు కావు. ఒక మంచి గేజును ఆఫీసు బల్ల సొరుగులో వేరుగా పెట్టుకోండి, రోజువారీ వాడకానికి ఇవ్వొద్దు. నెలకోసారి దానితో మీ గోడ మీటరును, డిజిటల్ మెషిను అయితే దాన్నీ, పోల్చి చూసి తేదీ రాసి అంటించండి. ఎంత తేడా ఉందో దాచకుండా రాయండి, "ఈ మీటరు ఒక పాయింటు ఎక్కువ చూపిస్తుంది" అని రాసున్నా మాకు చాలు, మేం సర్దుకుంటాం. తూనికలు కొలతల శాఖ వారికి కూడా ఇదే విన్నపం: పంపుకు ముద్ర వేయడానికి వచ్చిన రోజున ఆ పది అడుగులు కూడా నడిచి గాలి మీటరు వైపు ఒకసారి చూడండి. ఇక గాలి కొట్టే అబ్బాయికి, దయచేసి, విడిగా జీతం ఇవ్వండి. పెట్రోలు పోసే వాళ్ళలో ఖాళీగా ఉన్నవాడు పరిగెత్తుకొచ్చి కొట్టి పోయే పని కాదిది. మా పది రూపాయల మీద బతికేవాడికి వేగమే ముఖ్యమవుతుంది, పాపం అతన్ని అని లాభం లేదు.

వచ్చే సంక్రాంతికి కూడా మేం తణుకే వెళ్తాం. భోగికి ముందు రోజు తెల్లవారుజామున, మూడున్నర ప్రాంతంలో, మా ఇంటి దగ్గరి బంకుకు వస్తాను. టైర్లు చల్లగా ఉంటాయి. నా గేజు నేను తెస్తాను, సొరుగులోది మీరు తీయండి. గోడ మీటరుతో కలిపి మూడూ ఒకే టైరుకు పెట్టి చూద్దాం. అద్దం మాత్రం ముందే తుడిపించి ఉంచండి.

ఇట్లు,
మీ బంకుకు పదిహేను రోజులకోసారి గాలి కోసం వచ్చే ఒక కస్టమరు,
వనస్థలిపురం, హైదరాబాద్.